యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 8, 1948) సుప్రసిద్ధ తెలుగు జీవరసాయన శాస్త్రజ్ఞుడు. శరీర కణాలలో శక్తికి ఆధారమైన ఏ.టి.పి. అనే పదార్థాన్ని గుర్తించిన వారిలో ఒకడు. ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్, కాన్సర్ చికిత్సలో తొలితరం మందులు, ఆరియోమైసిన్ మొదలైనవి ఈయన పరిశోధనల వలన, ఈయన నాయకత్వంలోని పరిశోధనల వలన ప్రపంచానికి లభించాయి. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన తరువాత, ఇరవై ఏడేళ్ళ వయసులో ఆ ఉద్యోగం వదిలి, భార్యను స్వదేశంలో ఉంచి, మరల విద్యార్థిగా అమెరికా వెళ్ళాడు. ఈయన చదువుకు అయిన వ్యయాన్ని వేర్వేరు దశలలో తల్లి, స్నేహితులు, మామగారు భరించారు. కాకినాడలోని ఒక ధర్మసంస్థ సహాయం చేస్తానని మాట ఇచ్చింది. ఆ చదువుకు భార్య శేషగిరి చెల్లించిన మూల్యం ధనరూపంలో లెక్కకు వచ్చేది కాదు.

జననము, కుటుంబము

సుబ్బారావు భీమవరంలో జన్మించాడు. తండ్రి జగన్నాధం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానం కల కుటుంబం. ఈయన పుట్టేనాటికి గోదావరి జిల్లాలో ఉన్న భీమవరం తాలూకా 1904లో కృష్ణా జిల్లాలో చేరి, 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేవరకు అందులోనే కొనసాగింది. అందువలన సుబ్బారావు అమెరికా వెళ్ళిన 1922లో ఈయన స్వస్థలం కృష్ణా జిల్లాలోనిదే.

జగన్నాధం రెవెన్యూ శాఖలో పనిచేసేవాడు. అనారోగ్యం వలన ముందుగానే ఉద్యోగం విరమించవలసి వచ్చింది. నెల జీతం మీద ఆధారపడిన పెద్ద కుటుంబం దీనితో ఇబ్బందులలో పడింది. కొంతకాలానికి తండ్రి మరణించాడు. ఇంటి బాధ్యత అంతా వెంకమ్మ మీద పడింది.

1852లో ధవళేశ్వరం వద్ద, 1855లో బెజవాడ వద్ద ఆనకట్టలు పూర్తయిన తరువాత రెండు డెల్టాలలో వ్యవసాయం స్థిరపడింది. భూమి కల కుటుంబాలు పంట ఆదాయంతో పిల్లలకు ఇంగ్లీషు చదువులు చెప్పించసాగాయి. జీతం మీద బ్రతికే కుటుంబాలకు ఆ వెసులుబాటు ఉండేది కాదు. వాటికి కుమారుని చదువే భవిష్యత్తు. అయితే ఆ చదువుకు కావలసిన ధనాన్ని ముందుగానే సమకూర్చుకోవలసి వచ్చేది.

బాల్యము, విద్యాభ్యాసము

సుబ్బారావుకు బాల్యంలో చదువు మీద అంత శ్రద్ధ ఉండేది కాదు. పదమూడేళ్ళ వయసులో, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి ధనం సంపాదించాలనే ఉద్దేశంతో ఇల్లు విడిచి వెళ్ళాడు. దారిలోనే పట్టుకొని ఇంటికి తీసుకువచ్చారు. ఇంటిలోని ఆర్థిక ఇబ్బంది ఆ వయసులోనే ఈయన మనసుకు ఎంతగా తెలిసివచ్చిందో ఈ సంఘటన తెలుపుతుంది. కాని చదువు మాత్రం మానరాదని తల్లి పట్టుబట్టింది.

రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. ఆత్మీయుల మరణాలు, అనారోగ్యాలు ఆటంకం కలిగించాయి. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పాడు. వెంకమ్మ తన నగలు అమ్మి కుమారుని మద్రాసు పంపింది. అక్కడ హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు.

ఈ నగల అమ్మకాన్ని ఆనాటి పరిస్థితులలో చూడవలసి ఉంటుంది. హిందూ స్త్రీకి తనదని చెప్పుకోదగిన ఆస్తి స్త్రీధనమే, అందులోనూ ప్రధానంగా నగలే. భర్త ఆస్తిలో వితంతువుకు వాటా కల్పించిన చట్టం 1937లో గాని రాలేదు. కనుక నగలు అలంకారం మాత్రమే కాదు, ఆపద సమయానికి స్త్రీ చేతిలో మిగిలే నిధి. రెండుసార్లు పరీక్ష తప్పిన కుమారుని మూడవ ప్రయత్నం కొరకు వెంకమ్మ ఆ నిధిని వ్యయం చేసింది.

తరువాత సుబ్బారావు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. ఆ రోజులలో రామకృష్ణ మిషన్ వైపు ఆకర్షితుడై సన్యాసం స్వీకరించాలని భావించాడు. తల్లి అనుమతించలేదు. మిషన్ పెద్దలు కూడా వైద్యం చదివి ప్రజలకు సేవ చేయమని సలహా ఇచ్చారు. ఆ సలహా మేరకు మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

వివాహము, వైద్యవిద్య వ్యయము

ఆనాడు ఆంధ్ర ప్రాంతంలో వైద్యం చదవాలంటే మద్రాసుకో, విశాఖపట్నం వంటి చోట్ల ఉన్న చిన్న వైద్య పాఠశాలలకో వెళ్ళవలసి వచ్చేది. 1890 దశకంలో బెజవాడ వద్ద కృష్ణానది మీద రైలు వంతెన ఏర్పడిన తరువాత డెల్టా నుండి మద్రాసుకు ప్రయాణం సులభమయింది. కాని ప్రయాణం సులభమైనంత మాత్రాన చదువు చౌక కాలేదు. కళాశాల జీతము, పుస్తకాలు, నగరంలో బస, భోజనము అన్నీ కలిపి సంవత్సరాల తరబడి ఇంటి నుండి ధనం పంపవలసిందే. వైద్యవిద్యకు మిగిలిన చదువుల కన్న ఎక్కువ కాలం పట్టేది. అంతకాలము విద్యార్థికి సంపాదన ఉండదు.

సుబ్బారావు చదువు స్నేహితుల సహాయంతోను, అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సహాయంతోను సాగింది. 1919 మే 10న సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం జరిగింది. అప్పటికి ఈయన ఇంకా విద్యార్థియే.

అల్లుని చదువు ఖర్చు మామగారు భరించడం ఆ కాలంలో మధ్యతరగతి కుటుంబాలలో తరచు కనిపించే ఏర్పాటు. వరుని తల్లిదండ్రులకు స్తోమత లేనప్పుడు, కన్య తండ్రి ధనం ఇచ్చి చదివించేవాడు. పట్టా చేతికి వచ్చాక అల్లునికి మంచి ఉద్యోగం దొరుకుతుందని, కుమార్తె జీవితం సుఖంగా సాగుతుందని ఆశ. ఈ ఏర్పాటుకు వ్రాతకోతలు ఉండేవి కావు. ఫలితం అంతా అల్లుడు స్థిరపడడం మీదనే ఆధారపడి ఉండేది. అంతవరకు కుమార్తె చాలామేరకు పుట్టింటనే ఉండేది, కనుక ఆమె పోషణ కూడా తండ్రిదే. ఒకే ఇంటి ఆదాయం అక్కడి సంసారాన్ని, దూరదేశంలోని విద్యార్థిని కూడా మోయవలసి వచ్చేది.

ఎల్.ఎం.ఎస్. పట్టా

గాంధీజీ పిలుపుతో విదేశీ వస్త్ర బహిష్కరణ సాగుతున్న రోజులలో సుబ్బారావు శస్త్రచికిత్సల గదికి ఖద్దరు అంగీ ధరించి వెళ్ళేవాడు. ఇది శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు రుచించలేదు. సుబ్బారావు వ్రాతపరీక్షలలో బాగుగా వ్రాసినప్పటికీ 1921లో పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా లభించలేదు. దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది.

ఈ తేడా కుటుంబానికి ఆర్థికంగా పెద్ద దెబ్బ. సుబ్బారావు మద్రాసు వైద్య సర్వీసులో ప్రవేశించుటకు ప్రయత్నించి విఫలుడయ్యాడు. మామగారి వ్యయం, స్నేహితుల సహాయం అన్నీ ఏ ఉద్యోగం మీద ఆశ పెట్టుకొని సాగాయో ఆ ఉద్యోగం దక్కలేదు.

చివరకు ఆచంట లక్ష్మీపతి నిర్వహణలోని మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకునిగా చేరాడు. సుబ్బారావు సోదరులు ఇద్దరు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఉష్ణమండల దేశాలలో కనిపించే ఈ వ్యాధిలో ఆహారం ఒంటపట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోతాడు. తానూ అదే వ్యాధికి లోనై లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. ఆయుర్వేద ఔషధాల గుణాలను ఆధునిక పద్ధతిలో పరిశోధించాలనే ఆసక్తి ఈయనకు కలిగింది.

మరల విద్యార్థిగా

రాక్‌ఫెల్లర్ సంస్థ సహాయంతో భారతదేశానికి వచ్చిన ఒక అమెరికా వైద్యునితో కలిగిన పరిచయం సుబ్బారావు ఆలోచనను మార్చింది. అమెరికా వెళ్ళి ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదవాలని నిశ్చయించుకున్నాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రవేశం లభించింది.

ఈ నిర్ణయం కుటుంబ ఆదాయ వ్యయాలను తారుమారు చేసేది. సుబ్బారావుకు అప్పటికి అధ్యాపక జీతం వస్తున్నది. దానిని వదులుకోవాలి. ఓడ ప్రయాణానికి, విశ్వవిద్యాలయ రుసుముకు, అక్కడ బసకు ధనం కావాలి. ఆనాడు ఒక డాలరు సుమారు మూడున్నర రూపాయలు. మద్రాసులో ఒక కుటుంబం నెల గడుపుకునే ధనం బోస్టన్ నగరంలో కొద్ది రోజులకు మించి వచ్చేది కాదు.

రెండు వైపుల నుండి సహాయం అందుతుందని ఆశ కలిగింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తానని మాట ఇచ్చింది. బర్మాలో వ్యాపారం చేసి గొప్ప ధనం గడించిన సత్యలింగం నాయకర్, ఆ సంపదను విద్యాదానం మొదలైన ధర్మకార్యాలకు వినియోగించుటకు ఈ సంస్థను ఏర్పరచాడు. మిగిలిన ధనాన్ని సూర్యనారాయణమూర్తి సమకూర్చాడు. అల్లుని వైద్యవిద్యకు పెట్టిన ధనం ఇంకా ఫలించకముందే రెండవసారి పెట్టుబడి పెట్టాడు.

కొద్ది సంవత్సరాలలో చదువు ముగించుకొని స్వదేశానికి తిరిగి రావాలనేది బయలుదేరేనాటి ఉద్దేశం. శేషగిరి అనపర్తిలో తండ్రి ఇంట ఉండిపోయింది. సుబ్బారావు 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరాడు. ఈయన వెళ్ళిన తరువాత శేషగిరికి కుమారుడు జన్మించి, పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డను తండ్రి చూడలేదు.

బోస్టన్‌లో జీవనము

బోస్టన్ చేరేనాటికి సుబ్బారావు చేతిలో ధనం దాదాపు లేదు. తొలి రోజులలో ఉష్ణమండల వైద్య విభాగానికి అధిపతియైన రిచర్డ్ స్ట్రాంగ్ సహాయపడ్డాడు. భారతీయ పట్టాతో అమెరికాలో వైద్యవృత్తి చేయుటకు అనుమతి లేదు. జీవనానికి పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రివేళ సేవకునిగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేశాడు. పగలు తరగతులు, రాత్రి ఆసుపత్రి పని. ఈ విధంగా ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో డిప్లొమా పొందాడు.

తరువాత హార్వర్డ్ వైద్య కళాశాలలో ఓటో ఫోలిన్ అధిపతిగా ఉన్న జీవరసాయన విభాగంలో చేరి, సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధన ప్రారంభించాడు. డిప్లొమాతో ఆగవలసిన చదువు ఈ విధంగా మరికొన్ని సంవత్సరాలు పెరిగింది. 1930లో డాక్టరేటు లభించింది. చిన్న ఉద్యోగం లభించింది గాని, హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి మాత్రం దక్కలేదు.

తిరుగు ప్రయాణానికి అడ్డుపడినది పరిశోధన. భార్యను రప్పించుకొని అమెరికాలో స్థిరపడుటకు అడ్డుపడినవి ఆనాటి చట్టాలు. 1917లో చేసిన చట్టం ఆసియాలోని చాలా దేశాల నుండి వలసను నిషేధించింది. విద్యార్థుల వంటి కొందరికి మాత్రమే మినహాయింపు ఉండేది. 1923లో భగత్‌సింగ్ థిండ్ దావాలో భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1924 వలస చట్టం ఈ కట్టుబాట్లను మరింత బిగించింది. 1946లో గాని భారతీయులకు పౌరసత్వ అర్హత, స్వల్ప సంఖ్యలో వలస అవకాశం కలుగలేదు. సుబ్బారావు తుదివరకు అమెరికా పౌరుడు కాలేదు.

పరిశోధనలు

ఫిస్క్, సుబ్బారావు కలిసి రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్ పరిమాణాన్ని రంగు ఆధారంగా కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. ఇది వారిరువురి పేరుమీద ప్రసిద్ధమై జీవరసాయన శాస్త్ర విద్యార్థులందరికీ పాఠమయింది. ఈ పద్ధతి సహాయంతోనే 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ లేక ఏ.టి.పి.ని గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. కండరాలు పనిచేయుటకు శక్తి ఎక్కడి నుండి వస్తుందో తెలుసుకొనుటకు ఈ పరిశోధనలు మూలమయ్యాయి.

1940లో సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లే ప్రయోగశాలలో చేరాడు. 1942లో పరిశోధనా విభాగానికి డైరెక్టరు అయ్యాడు. అక్కడి ముఖ్య ఫలితాలు ఇవి:

* ఫోలిక్ ఆమ్లము: 1945లో ఈయన బృందం దీనిని కృత్రిమంగా తయారుచేసింది. కాలేయంలోను, ఈస్టులోను రక్తహీనతను పోగొట్టే పదార్థం ఏదో ఉన్నదని 1928 నుండి బొంబాయిలో గర్భిణీ స్త్రీల మీద పరిశోధించిన లూసీ విల్స్ గ్రహించింది. ఆ పదార్థం ఫోలిక్ ఆమ్లమేనని తరువాత తేలింది. స్ప్రూ వ్యాధికి కూడా ఇది గుణమిస్తుందని వైద్యులు కనుగొన్నారు. తన సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఈ విధంగా సుబ్బారావు ప్రయోగశాల నుండే వెలువడింది.
* హెట్రజాన్: 1947లో వెలువడింది. దీని రసాయన నామం డైఇథైల్ కార్బమజిన్. బోదకాలుకు కారణమైన క్రిములను నశింపజేస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో బోదకాలు చిరకాలంగా ఉన్న వ్యాధి. భారతదేశంలో ఈ వ్యాధి నిర్మూలనకు ప్రజలందరికీ పంచే మాత్రలలో నేటికీ ఇది ఒకటి.
* అమినోప్టెరిన్: ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే పదార్థం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దీనిని లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికంగా తగ్గడాన్ని 1948లో ప్రకటించాడు. ఇదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ కాన్సర్, కీళ్ళవాత చికిత్సలలో వాడుకలో ఉంది.
* ఆరియోమైసిన్: సుబ్బారావు డైరెక్టరుగా ఉన్న కాలంలో బెంజమిన్ డుగ్గర్ దీనిని మట్టిలోని సూక్ష్మజీవి నుండి కనుగొన్నాడు. 1948లో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ తరగతి మందులలో ఇది మొదటిది.

కుటుంబము భరించిన వ్యయము

సుబ్బారావు చదువుకు ఆధారమైన వనరులను వరుసగా చూసిన ఈ విధంగా ఉన్నాయి.

* ఉన్నత పాఠశాల: తల్లి నగలు.
* వైద్యవిద్య: స్నేహితుల సహాయం, కాబోయే మామగారి ధనం.
* అమెరికా ప్రయాణం: మామగారు సమకూర్చిన ధనం, ధర్మసంస్థ వాగ్దానం.
* బోస్టన్‌లో డిప్లొమా: ఆచార్యుని తోడ్పాటు, ఆసుపత్రిలో రాత్రిపని.

ప్రతి దశలోను ఖర్చు పెట్టినవారు వేరు, ఫలితం ఆశించిన సమయం వేరు. తల్లి ఆశించినది కుమారుడు చదువుకొని ఇంటిని నిలబెట్టడం. మామగారు ఆశించినది అల్లుడు వైద్యునిగా స్థిరపడి కుమార్తెతో కాపురం చేయడం. మొదటి ఆశ పట్టా తక్కువైనందువలన కొంత తగ్గింది. రెండవ ఆశ అసలు నెరవేరలేదు. ఇంట పెట్టిన ధనానికి ఫలం ఆ ఇంటికి గాక, రక్తహీనతతో బాధపడే స్త్రీలకు, బోదకాలు రోగులకు, లుకేమియా సోకిన పిల్లలకు దక్కింది.

శేషగిరి విషయంలో ఈ లెక్క మరింత కఠినమైనది. వివాహం నాటి నుండి భర్త అమెరికా వెళ్ళేవరకు గడచినవి మూడు సంవత్సరాల పైచిలుకు మాత్రమే. అందులోనూ చాలాభాగం అతడు మద్రాసులో విద్యార్థి. తరువాత దాదాపు ఇరవై ఆరు సంవత్సరాలు భర్త జీవించి ఉండగానే ఆమె ఒంటరిగా గడిపింది. భర్తను మరల చూడలేదు. శాస్త్రజ్ఞుని జీవిత కథ చెప్పేటప్పుడు హార్వర్డ్, లెడర్లేలతో పాటు అనపర్తిలోని ఆ ఇంటిని కూడా చెప్పుకున్నప్పుడే ఆ కథ పూర్తి అవుతుంది.

ఈనాడు విద్యార్థులకు బ్యాంకు ఋణాలు, ప్రభుత్వ ఉపకార వేతనాలు లభిస్తున్నాయి. భార్య చదువుకు భర్త, భర్త చదువుకు భార్య ఉద్యోగం చేసి తోడ్పడే కుటుంబాలు తెలుగునాట ఎన్నో ఉన్నాయి. సుబ్బారావు కాలంలో వివాహిత స్త్రీకి స్వంత సంపాదన అరుదు. అందుచేత భర్త చదువు కాలంలో ఆమెకు మిగిలినది పుట్టింటి ఆధారము, ఎదురుచూపు మాత్రమే.

మరణము, గుర్తింపు

సుబ్బారావు 1948 ఆగష్టు 8న నిద్రలోనే గుండె ఆగి మరణించాడు. అప్పటికి వయసు 53 సంవత్సరాలు. ప్రచారానికి దూరంగా ఉండే స్వభావం వలన జీవించి ఉండగా ఈయన పేరు సామాన్యులకు అంతగా తెలియలేదు. లెడర్లేలో తన బృందం సాధించిన ఫలితాల ఘనతను సహచరులకే విడిచిపెట్టేవాడని ప్రసిద్ధి.

1953లో ఒక శిలీంధ్రానికి ఈయన పేరుమీద సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఈయన జన్మస్థలమైన భీమవరం 2022 నుండి పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉంది.